అత్తింటికీ పుట్టింటికీ మధ్య జారిపోయిన సూది

ఎదుటి ల్యాబ్‌కి వెళ్లిపోతున్న అత్తాకోడళ్లను ఒక్క మాటతో వెనక్కి తిప్పిన ఘనత నాది. ఆ ఒక్క మాటతో అత్తగారికి నాలుగు వందలు మిగిలాయి, నాకొక కుటుంబం వాడుక గిరాకీగా దక్కింది, ఎదుటి ల్యాబ్ ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. తిరుత్తణి బజారులో పాత్రల అంగడి పెట్టి మా ఐదుగురినీ పెంచిన మా నాయన ఆ పూట పక్కన ఉండి ఉంటే నా భుజం తట్టేవాడు. అంత చక్కటి బేరం నేను అంతకుముందు చేయలేదు. అంత పెద్ద తప్పు కూడా చేయలేదు.

ఆ మాట ఇది: "ఈ ఒక్క పరీక్ష ఇప్పుడు వద్దులే పెద్దమ్మా. ఏడో నెలలో పుట్టింటికి పోతుంది కదా, ఆడ చేసుకోనీ. ఆ ఖర్చు వాళ్లది."

ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివి కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను తిరువళ్లూరులో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో పని నేర్చుకుని, తర్వాత తిరుత్తణిలో సొంతంగా చిన్న ల్యాబ్ నడిపి, మొన్ననే తాళం చెవులు ఇంకొకరికి అప్పగించాను. మైక్రోస్కోపు ఎప్పుడు కొన్నాను, లైసెన్సు ఎలా తెచ్చుకున్నాను అనేవి మీకు పనికిరావు. ఒక పరీక్ష గురించి, దానితో నేను ఆడిన బేరం గురించి చెబితే పనికొస్తుంది.

మొహం గుర్తుపెట్టుకునే రక్తం

పుస్తకంలో మీరు చదివిందే, నా మాటల్లో చెబుతాను. తల్లి రక్తం నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయితే కడుపులో బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒంటికి అది కొత్త సరుకు. పరాయిదని గుర్తుపట్టి, దాన్ని విరగ్గొట్టే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. అప్పటికి మొదటి బిడ్డ బయటపడి ఉంటుంది కాబట్టి మామూలుగా దానికేమీ కాదు. రెండో బిడ్డ కూడా పాజిటివ్ అయితే, ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. బిడ్డకు రక్తం తగ్గుతుంది, ఒళ్లు నీరు పడుతుంది, కొన్నిసార్లు కడుపులోనే పోతుంది.

మా నాయనను ఒకసారి మోసం చేసిన మనిషి రెండోసారి అంగడి మెట్టెక్కితే చాలు, తూకం రాయి చేతిలోకి వచ్చేది. మొహం మరచిపోయేవాడు కాదు. తల్లి రక్తమూ అంతే. యాంటీ-డి అనే ఇంజెక్షన్ ఏం చేస్తుందంటే, ఆ మొహం సరిగ్గా చూడకముందే మనిషిని వాకిలి దాటించేస్తుంది. ఏడో నెలలో ఒకటి, కాన్పయి బిడ్డ పాజిటివ్ అని తేలితే మూడు రోజుల్లోపు ఇంకొకటి. ఒకసారి మొహం గుర్తుండిపోయాక మాత్రం ఇంజెక్షన్ ఎన్ని వేసినా దండగే.

గుర్తుపెట్టుకోవడం మొదలైందా లేదా అని తల్లి రక్తంలో చూసే పరీక్షే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్. మా నోట ఐసీటీ. నేను తీసేసిన పరీక్ష అదే.

మూడు కడుగుళ్లు

ఆ పరీక్ష విలువ నాకు తెలియక తీసేశానని అనుకోకండి. తిరువళ్లూరు బ్లడ్ బ్యాంకులో నాకు అది నేర్పింది శకుంతల డాక్టరమ్మ. సన్నగా, గట్టి గొంతుతో, ఎప్పుడూ ఇస్త్రీ కోటులో ఉండేది. తల్లి సీరంలో, అంటే గడ్డకట్టిన రక్తం పైన తేలే నీటిలో, ఓ గ్రూపు పాజిటివ్ ఎర్రకణాలు కలిపి, వెచ్చటి నీళ్ల తొట్టిలో ఉంచి, తర్వాత ఆ కణాలను ఉప్పునీటితో మూడుసార్లు కడగాలి. అప్పుడు కూంబ్స్ ద్రావకం చుక్కలు వేసి తిప్పి చూడాలి. కడగడంలో సీరం మిగిలితే ఆ ద్రావకం దానికే ఖర్చయిపోతుంది, యాంటీబాడీలు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది.

అంగడి పిల్లను కదా, రెండు కడుగుళ్లతో పని కానిచ్చి మూడోది మిగుల్చుకునేదాన్ని. వారం రోజులు ఎవరికీ తెలియలేదు. నేను నెగటివ్ అని రాసిన గొట్టాలను ఒకరోజు డాక్టరమ్మ తీసుకుని, వాటిలో చెక్ సెల్స్ వేసింది. అవి ముందే యాంటీబాడీ అంటించిన కణాలు. పరీక్ష సరిగ్గా జరిగి ఉంటే గుత్తి కట్టి తీరాలి. నావి కట్టలేదు.

"ఎన్ని సార్లు కడిగినావు?" అంది.

"మూడు మేడమ్."

"మీ నాయన అంగట్లో తొమ్మిది వందల గ్రాములకు కిలో అని చెప్తాడా?"

"లేదు మేడమ్."

"మరి నువ్వెందుకు చెప్తావమ్మా?"

ఆ రోజు గొట్టాలన్నీ మళ్లీ చేయించింది. సాయంత్రం తిరుత్తణి రైలు తప్పింది, ఇంట్లో తిట్లు పడ్డాయి. ఆనాటి నుంచి నా చేతి కింద మూడో కడుగుడు ఎగ్గొట్టిన వాళ్లు లేరు. ఇప్పుడు జెల్ కార్డులు వచ్చాయి, కడిగే పనే లేదు. మంచిదే. కానీ గొట్టంతో బేరం ఆడకూడదని నేర్చుకున్న నేను, కౌంటరు దగ్గర మనిషితో ఆడాను. పాఠం చేతికి ఎక్కింది, నోటికి ఎక్కలేదు.

నాలుగు వందలు

మునెమ్మ నేతపనివాళ్ల ఇంటి ఆడది. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి భర్తది, ఒకటి కొడుకు దామోదరానిది. కోడలు సుగుణకు మూడో నెల. పుట్టిల్లు తామరైపాక్కం, చెక్‌డ్యాం దగ్గర కౌలు సేద్యం చేసుకునే వాళ్ల పిల్ల. బ్లడ్ గ్రూపు అంతకుముందు రోజే చూశాను, బి నెగటివ్. ఆ కాగితం చూసి డాక్టరు ఐసీటీ రాసి పంపాడు.

మునెమ్మ చీటీ నా ముందు పరిచింది. "ఏమ్మా, ఇన్ని పరీక్షలా? బిడ్డను కనేదానికా, బిడ్డను కొనేదానికా?"

"మొదటి కాన్పు కదా పెద్దమ్మా, జాగర్త."

"ఎదురుగా ఉండే ల్యాబాయన ఇంత కాసు అడగలేదే."

"అడగలేదంటే, చేయడని అర్థం."

"చేయకపోతే పాయె. రా సుగుణా." మునెమ్మ మెట్టు దిగింది.

గిరాకీ మొదటి మెట్టు దిగితే పిలవకు, రెండోది దిగినాక పిలువు అని మా నాయన పద్ధతి. రెండోది దిగింది. పిలిచాను. ఆ మాట చెప్పాను.

పూర్తిగా అబద్ధం కూడా కాదు. మొదటి కాన్పులో తొలి నెలల్లో ఐసీటీ దాదాపు ఎప్పుడూ నెగటివే వస్తుంది, అసలు చూడవలసింది ఏడో నెలలో. కానీ ఆ పరీక్ష చేసిన ప్రతి రిపోర్టు అడుగునా నేను ఒక వరుస అచ్చు వేయించి పెట్టాను: 'ఏడో నెలలో మళ్లీ చేయించాలి, ఇంజెక్షన్ తప్పనిసరి' అని, అరవంలోనూ తెలుగులోనూ. పరీక్ష తీసేస్తే రిపోర్టు లేదు. రిపోర్టు లేకపోతే ఆ వరుసా లేదు. సుగుణ ఫైలులో ఏ కాగితం మీదా ఇంజెక్షన్ అన్న మాట లేకుండా నేనే చేశాను.

మా వైపు ఆచారం మీకు తెలిసిందే. ఏడో నెలలో గాజుల వేడుక, అరవంలో వళైకాప్పు అంటాం. ఆ రోజు దాకా కోడలి ఖర్చు అత్తింటిది. గాజులు వేసి పుట్టింటికి పంపినాక కాన్పు దాకా ఖర్చు వాళ్లది. సరిగ్గా ఆ ఏడో నెలలోనే ఇంజెక్షన్ పడాలి. వేల రూపాయల సూది. ఈ ఇంటివాళ్లు 'అక్కడ వేయిస్తారు' అనుకుంటారు, ఆ ఇంటివాళ్లు 'అక్కడే వేయించి పంపి ఉంటారు' అనుకుంటారు. ఈ రెండు ఇండ్ల మధ్య సందు ఎంత లోతో అంగడి పిల్లనైన నాకు అందరికంటే బాగా తెలుసు. తెలిసే, నా బేరాన్ని ఆ సందులో పెట్టాను.

గిట్టుబాటు అయింది కదా అని, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు మెట్టు దిగిన ప్రతి నెగటివ్ తల్లికీ అదే మాట చెప్పాను.

సుగుణ మళ్లీ వచ్చింది

సుగుణకు ఆడపిల్ల పుట్టింది. బాగుంది. ఏడాదికే నాలుగో నెల కడుపుతో మళ్లీ వచ్చింది. ఈసారి కొత్త డాక్టరమ్మ చీటీలో ఐసీటీ మీద రెండు గీతలు గీసి పంపింది, బేరానికి చోటు లేకుండా.

గొట్టం తిప్పి వెలుతురుకు ఎత్తి చూశాను. అడుగున ఎర్ర బొట్టులా కూర్చున్న కణాలు, గొట్టాన్ని మెల్లగా వంచితే పొగలా లేచి విడిపోవాలి. విడిపోలేదు. ముక్కలు ముక్కలుగా ఊగాయి. మళ్లీ మొదటి నుంచి చేశాను. మూడుసార్లకు బదులు నాలుగుసార్లు కడిగాను. నా చేయి తప్పు చేసి ఉండాలని కోరుకుంటూ చేసిన పరీక్ష అదొక్కటే. చేయి తప్పు చేయలేదు.

సుగుణను లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. "పోయిన కాన్పుకు ఏడో నెలలో సూది వేసినారా?"

"వేసినారక్కా."

"యాడ?"

"మా అమ్మ వాళ్ల ఊర్లోనే. నర్సమ్మ ఇంటికొచ్చి చేతికి వేసింది. కాసు కూడా తీసుకోలేదు పాపం."

ఆ చివరి మాటతో తెలిసిపోయింది. అది ధనుర్వాతం రాకుండా అందరికీ వేసే సూది.

"కాన్పయినాక?"

"ఆసుపత్రిలో నర్సు మా అమ్మని అడిగింది, ఇంజెక్షన్ అయిందా అని. అయింది అని చెప్పింది మా అమ్మ. ఏమక్కా, తక్కువైందా ఏమన్నా?"

"కొంచెం చూడాల్సి ఉంది" అన్నాను. ముప్పై ఏళ్లలో నేను చెప్పిన పిరికి మాటల్లో అది మొదటిది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఐసీటీ పాజిటివ్ వచ్చిన ప్రతిసారీ ఇలా కాదు. ఆవడి నుంచి ఒక ఫ్యాక్టరీ కార్మికుడి భార్య ఏడుస్తూ వచ్చింది, ఎక్కడో పాజిటివ్ అని రాశారని. మొహం వాచిపోయి ఉంది. నేను అడిగింది ఒకటే: ఈ మధ్య ఏమన్నా ఇంజెక్షన్ వేయించుకున్నావా అని. మూడు వారాల కింద యాంటీ-డి వేయించుకుందట. ఆ ఇంజెక్షనే యాంటీబాడీ కదా, కొన్నాళ్లు రక్తంలో మసకగా కనిపిస్తుంది. వేయకముందు తీసిన రిపోర్టు తెప్పించి చూస్తే నెగటివ్. డాక్టరుకు రెండు రిపోర్టులూ చూపించింది, నవ్వుతూ వెళ్లింది. కాబట్టి గొట్టం చూసి రాయకండి, మనిషిని అడిగి రాయండి. తొలి నెలల్లో పోయిన కడుపులు ఏమన్నా ఉన్నాయా అని కూడా అడగండి. అది మాత్రం అత్తను బయట కూర్చోబెట్టి అడగండి.

సుగుణ విషయంలో అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. సీరాన్ని సగానికి సగం పల్చన చేసుకుంటూ పోయాను, ఎంత పల్చన దాకా గుత్తి కడుతుందో చూడటానికి. ఎనిమిది రెట్ల పల్చన దాకా కట్టింది. పదహారు దాటితే ప్రమాదం. నెల తర్వాత మళ్లీ చూస్తే ముప్పై రెండు. చెన్నైలో పెద్దాసుపత్రికి వెళ్లాలని డాక్టరమ్మ రాసింది.

మునెమ్మ వేసిన ధర

రిపోర్టు ఇవ్వడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. రెండు మగ్గాలూ ఆగాయి. మునెమ్మ అడిగింది, "కోడలి రక్తంలో దోషమా?"

"దోషం లేదు పెద్దమ్మా. నీ కోడలిది నెగటివ్, నీ కొడుకుది పాజిటివ్. దోషం ఎవరిదన్నా ఉంటే నాది." చెప్పేశాను. ఆ రోజు మెట్ల మీద నిలబెట్టి ఏం మాట చెప్పానో, దానివల్ల ఏ కాగితం వాళ్ల చేతికి పోలేదో, మొత్తం చెప్పాను. చెప్తూ చెప్తూ, అలవాటు కదా, చివర్లో పదివేలు ఇస్తానని కూడా అన్నాను.

దామోదరం లేచి వాకిట్లోకి పోయినాడు. సుగుణ కడుపు మీద చేయి పెట్టుకుని నన్నే చూస్తూ ఉంది. కోపం కాదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు చూసింది.

"నువ్వు చెప్పినావు, నేను విన్నాను" అంది మునెమ్మ. "నాలుగు వందలు మిగిలినాయని ఊరంతా చెప్పుకున్నాను కూడా. ఒక్కదానిదే ఎట్లవుతుంది తప్పు?" ఆ వెంటనే, "పదివేలు వద్దు" అంది.

"మరి పదిహేను..."

"అదే వొద్దనేది! నోరుంటే చాలు బేరం మొదలు. నీ కాసెవురికి కావాల? మేము ఆ చెన్నపట్నం ఆసుపత్రిలో యాడికి పోవాల, ఎవుర్ని అడగాల? వాళ్లు చెప్పేది మాకేమన్నా అర్థమవుతుందా? వారం వారం రమ్మన్నారంట. వారం వారం నువ్వు రా. బిడ్డ చేతికొచ్చేదాకా. అదే నా ధర."

బజారులో అంత గట్టి ధర నాకెవరూ వేయలేదు. తగ్గించమని అడగలేదు.

ప్రతి మంగళవారం ల్యాబ్ మూసి, మొదటి లోకల్ రైల్లో సుగుణను, మునెమ్మను తీసుకుని చెన్నై వెళ్లాను. అక్కడ స్కాన్‌లో బిడ్డ మెదడులోని ఒక రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. రక్తం పల్చబడితే వేగం పెరుగుతుంది. సూది గుచ్చకుండానే బిడ్డ రక్తం ఎలా ఉందో తెలిసిపోతుంది. ఐదు వారాలు ప్రమాదపు గీత కిందే ఉంది. రైల్లో మునెమ్మ పొట్లం విప్పి పులిహోర పెట్టేది, నాకు మాత్రం ఒక పిడికెడు తక్కువ. "నువ్వింకా బాకీ" అనేది.

ఆరో వారం గీత దాటింది. బిడ్డకు కడుపులో ఉండగానే రక్తం ఎక్కించాలన్నారు. ఓ నెగటివ్ కావాలి, తాజాగా.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది, మా వైపు నెగటివ్ గ్రూపుల వాళ్ల పేర్లతో. మీరూ ఒకటి పెట్టుకోండి. అందులో ఓ నెగటివ్ కింద మొదటి పేరు డేవిడ్ అన్న, ఆవడిలో ఫ్యాక్టరీ పని. ఫోన్ చేస్తే, "అక్కా, ఇంత ప్రేమగా పిలిచినావంటే రక్తానికే" అన్నాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. మునెమ్మ ఆయనకు ఒక డజను అరటిపండ్లు ఇచ్చింది. ఆ పండ్లకూ బేరం ఆడిందని నాకు తర్వాత తెలిసింది.

తల్లి పొట్టలోంచి సన్నటి సూది దించి, బొడ్డుతాడు నాళంలోకి ఆ రక్తం ఎక్కించారు. మేము బయట బెంచీ మీద ఉన్నాం. మునెమ్మ నా చేయి పట్టుకుంది, నొప్పి పుట్టేలా. తలుపు తెరిచి డాక్టరు వచ్చి, గుండె చక్కగా కొట్టుకుంటోందని చెప్పాకే వదిలింది. మూడు వారాలకు మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. డేవిడ్ అన్న అప్పుడే మళ్లీ ఇవ్వకూడదు కాబట్టి తమ్ముణ్ణి పంపాడు. నెగటివ్ ఒకరు దొరికితే తోబుట్టువులను కూడా అడగండి, చాలాసార్లు ఇంకొకరు ఉంటారు.

ఎనిమిదో నెల చివర్లో కాన్పు చేశారు. ఆడపిల్ల. గాజుపెట్టెలో నీలి దీపాల కింద తొమ్మిది రోజులు. కళ్లకు గంతలు, కాళ్లు మాత్రం ఊరుకోలేదు. బొడ్డుతాడు రక్తంలో గ్రూపు చూస్తే ఓ నెగటివ్ వచ్చింది. మునెమ్మ అదిరిపడింది.

"ఓ నెగటివా? మా ఇంట్లో ఎవురికీ లేదే! బిడ్డను మార్చినారా ఏమి?"

"మార్చలేదు పెద్దమ్మా. దాని ఒంట్లో ఇప్పుడు తిరిగేదంతా డేవిడ్ అన్న వాళ్లిచ్చిన రక్తం. కొన్ని నెలలకు దాని సొంతం వస్తుంది."

మునెమ్మ గాజుపెట్టెలోకి చూసి చూసి, "అయితే ఇది ఆవడి పిల్ల" అంది. ఇంటికొచ్చాక ఒకసారి రక్తం తగ్గితే మళ్లీ ఎక్కించారు. ఏడాది నిండాక నేనే వేలు గుచ్చి చూశాను: బి పాజిటివ్, నాయన పోలిక. అయినా ఇంట్లో దాని పేరు 'ఆవడి'గానే నిలిచిపోయింది.

గాజుల పళ్లెంలో చీటీ

తిరుగు రైల్లో ఒకరోజు మునెమ్మ అంది, "రెండిండ్లూ ఒకచోట కూర్చునేది ఒక్క గాజుల వేడుక రోజే. ఆ సూది మాట ఆ రోజే చెప్పాల్సింది."

నాకు తట్టనిది ఆమెకు తట్టింది. అప్పటి నుంచి నెగటివ్ తల్లి ఎవరొచ్చినా, వేడుక ఎప్పుడో అడిగి, పిలవకపోయినా వెళ్లేదాన్ని. గాజులు, పసుపు, పండ్లు ఉన్న పళ్లెంలో నా చీటీ పెట్టేదాన్ని: గ్రూపు, ఐసీటీ ఎప్పుడు చేశాం, ఇంజెక్షన్ ఏ తేదీన పడాలి, కాన్పయ్యాక మూడు రోజుల్లోపు ఏం అడగాలి. మొదటిసారి గాజులు వేయించుకుంటున్న పిల్ల మేనమామ కస్సుమన్నాడు.

"శుభమా అని గాజులు వేస్తావుంటే సూది సంగతేందమ్మా నీకు?"

"గాజులు ఎవరు తెచ్చినారు మామా?"

"మేమే."

"పట్టుచీర?"

"వాళ్లు."

"సూది సగం మీది, సగం వాళ్లది. తేదీ ఇదే. రెండు వైపులా వాళ్లూ ఈ చీటీ మీద సంతకం పెట్టండి, నేను పోతాను. భోజనం కూడా అడగను."

నవ్వారు. పెట్టారు. భోజనమూ పెట్టారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరికే చోట ముందు అక్కడే అడగమనేదాన్ని. దొరకని చోట, మందుల ఏజెంటుతో నేను ధర మాట్లాడేదాన్ని. నాకున్న ఒకే ఒక విద్యను మంచి పనికి వాడుకోవచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు.

నాలుగైదు పరీక్షలు కలిపి ఒకే ధరకు ఇచ్చే ప్యాకేజీల గురించి మీరు అడుగుతారు. పెట్టుకోండి, బతకాలి కదా. ధర తగ్గించండి, సున్నా చేయండి, పరీక్షను మాత్రం తీసేయకండి. చేయకపోతే 'చేయలేదు, ఎవరు వద్దన్నారు, ఎప్పుడు చేయాలి' అని రాసి చేతికివ్వండి. ఖాళీ కాగితం కంటే అది చాలా నయం.

బిల్లు

ఆవడి పుట్టిన నెలలోనే పాత రిజిస్టర్లు దించాను. ఆ ఏడాదిన్నరలో నా మాట విని ఐసీటీ వదిలేసిన నెగటివ్ తల్లులు, సుగుణతో కలిపి, ఇరవై ముగ్గురు. ఒక్కొక్కరినీ వెతికాను. ఆదివారాలు బస్సుల్లో, పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అత్తింట్లో లేకపోతే పుట్టింట్లో.

సుగుణ కాక ఇరవై మంది దొరికారు. పదహారు మందికి ఎవరో మంచి నర్సో డాక్టరో పుట్టింట్లో సరైన సమయంలో ఇంజెక్షన్ వేయించారు. ఆ మంచి నాది కాదు, నా వైపు వేసుకోను. ముగ్గురికి సూది పడలేదు, అయినా పరీక్ష చేస్తే యాంటీబాడీలు లేవు. అది అదృష్టం, అదీ నాది కాదు. ఆ ముగ్గురి తర్వాతి కాన్పులకు మాత్రం నేను పళ్లెంలో చీటీ పెట్టాను. ఒకామెకు యాంటీబాడీలు వచ్చేశాయి. ఒక బిడ్డ చాలని అప్పటికే ఆపరేషన్ చేయించుకుంది. ఎప్పుడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే చూపించమని కార్డు రాసిచ్చాను. ఆమె నన్ను కూర్చోమని కూడా అనలేదు. న్యాయమే.

సుగుణ ఇంటివాళ్లకు ఆనాడు మిగిలింది నాలుగు వందలు. పోయింది ఒక మగ్గం. చెన్నై ఖర్చులకు అమ్మారు. దామోదరం నాలుగేళ్లు ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసి, మళ్లీ కొన్నాడు. నాతో ఇప్పటికీ అవసరమైనంతే మాట్లాడతాడు. ఆవడి తొమ్మిదో తరగతి. తెలుగు కంటే అరవం బాగా చదువుతుంది, రైలు కనబడితే చాలు చేయి ఊపుతుంది. పోయిన నెల నా ల్యాబ్ అప్పగించిన రోజు మునెమ్మ పులిహోర పంపింది. తూచి చూడలేదు గానీ, ఈసారి పిడికెడు తగ్గినట్టు లేదు.

ఇద్దరు దొరకలేదు. ఒకరి కుటుంబం ఎలవూరు చెక్‌పోస్టు దాటి ఆంధ్రా వైపు వెళ్లిపోయిందని మాత్రం తెలిసింది, ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. రెండో ఆమె రిజిస్టరులో రాయించిన చిరునామాలో ఆ పేరుతో ఎవరూ ఎప్పుడూ లేరట. ఇద్దరికీ రెండో బిడ్డ పుట్టిందో లేదో, పుడితే బతికిందో లేదో నాకు తెలియదు.

ఇరవై ముగ్గురిలో ఇరవై ఒకరి లెక్క తేలింది. ఇద్దరిది తేలలేదు. ఆ రెండు పేర్లూ కొట్టివేయకుండా, రిజిస్టరుతో పాటు కొత్తగా వచ్చిన అమ్మాయికి అప్పగించాను.